పలాస తమ్ముడి ప్రశ్నకు: సొంతంగా ఫోన్ బోర్డు గీయాలంటే

అడిగింది ఇదీ. ఊరు పలాస పక్కన, చదువు ఈసీఈ మూడో సంవత్సరం. వాళ్ల అమ్మగారు జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టే పని చేస్తారు. జీడి రసం తగిలి తగిలి వేళ్ల చర్మం మొద్దుబారిపోయింది. టచ్ ఫోన్ ఆవిడ మాట వినదు, వేలిముద్ర అసలే తీసుకోదు. అందుకని పెద్ద బటన్లు, ఊడదీసి మార్చుకునే బ్యాటరీ ఉన్న ఫోన్ తనే డిజైన్ చేసి, ఆ ఫైళ్లు ఎవరైనా వాడుకునేలా బయట పెట్టాలని ఈ తమ్ముడి కోరిక. జియో సిమ్ పనిచేయాలి. చేతిలో 25 వేలున్నాయి. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొనాలా, ప్రాసెసర్‌తో సహా సొంత సర్క్యూట్ బోర్డు గీయాలా, పైన్‌ఫోన్ అనే లినక్స్ ఫోన్ ఫైళ్లు తెచ్చి మార్చుకోవచ్చా అని మూడు ప్రశ్నలు.

తమ్ముడూ, మూడింటికీ ముందే చెప్పేస్తాను. రాస్‌ప్‌బెర్రీ పై వద్దు. ప్రాసెసర్ బోర్డు ఇప్పుడే వద్దు. పైన్‌ఫోన్‌ది మార్చుకోవడం కుదరదు, ఎందుకంటే స్కీమాటిక్ (ఏ భాగం దేనికి కలుస్తుందో చూపే సర్క్యూట్ బొమ్మ) పీడీఎఫ్‌గా దొరుకుతుంది గానీ బోర్డు లేఅవుట్ (రాగి గీతల నమూనా) ఫైళ్లు వాళ్లు ఇవ్వలేదు. ఫోన్ మాత్రం చెయ్యొచ్చు. నేను బెంగళూరులో పన్నెండేళ్లు బోర్డులు గీసి, ఇప్పుడు విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాను. ఇలాంటి ఫోన్లు రెండు కట్టాను. మొదటిది ఫోన్ అనిపించుకోలేదు. అందులో నేర్చుకున్నదే ఎక్కువ కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

ముందు మోడెమ్ సంగతి. మనకు ఫోనంటే తెర, బటన్లు. నెట్‌వర్క్‌కి ఫోనంటే మోడెమ్ ఒక్కటే, అంటే టవర్‌తో మాట్లాడే ముక్క. ఓపెన్ ఫోన్ అని పేరు పెట్టుకున్నవన్నీ ఈ గుమ్మం దగ్గర ఆగిపోయినవే. 2007లో ఓపెన్‌మోకో వాళ్లు నియో 1973 తెచ్చారు. 1973 అంటే మోటరోలా ఇంజినీరు మార్టిన్ కూపర్ చేతి ఫోన్‌తో మొదటి కాల్ చేసిన సంవత్సరం, ఆ పేరే పెట్టారు. మరుసటేడు ఫ్రీరన్నర్ వచ్చింది. స్కీమాటిక్ ఇచ్చారు, ప్లాస్టిక్ పెట్టె డ్రాయింగులు కూడా ఇచ్చారు. మోడెమ్ లోపలి సాఫ్ట్‌వేర్ మాత్రం ఇవ్వలేకపోయారు. అందులో ఉన్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల కాలిప్సో చిప్. దాని మీదే తర్వాత ఆస్మోకామ్ అనే బృందం పాత మోటరోలా సీ118 లాంటి ఫోన్లలో సొంత 2జీ సాఫ్ట్‌వేర్ నడిపించింది. గొప్ప పనే, కానీ అది చదువుకోవడానికి. అమ్మ ఫోన్‌లో పెట్టేది కాదు.

కాబట్టి మోడెమ్ మూసిన పెట్టెలాగే వస్తుందని ఒప్పుకో. దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే నీ చేతిలో ఉంది. మామూలు స్మార్ట్‌ఫోన్‌లో ప్రాసెసర్, మోడెమ్ చాలాసార్లు ఒకే చిప్‌లో కాపురం ఉంటాయి. పైన్‌ఫోన్‌లో మోడెమ్ వేరే మాడ్యూల్, క్వెక్టెల్ ఈజీ25-జీ. ప్రాసెసర్‌తో యూఎస్‌బీ మీద మాట్లాడుతుంది. లిబ్రెమ్ 5 అనే ఇంకో ఓపెన్ ఫోన్‌లో అయితే ఎం.2 కార్డుగా ఊడదీసి మార్చేయొచ్చు. రెండింట్లోనూ మోడెమ్‌కి కరెంటు ఆపేసే స్విచ్ ఉంది. అంటే ముక్కూముఖం తెలియని మనిషిని అరుగు మీదే కూర్చోబెట్టి మాట్లాడటం, వంటింట్లోకి రానివ్వకపోవడం. నువ్వూ అదే చెయ్యి. మోడెమ్‌ని వేరే చిన్న బోర్డు మీద పెట్టి, కనెక్టర్‌తో మెయిన్ బోర్డుకి తగిలించు. అమెరికాలో ఏటీ అండ్ టీ 2016 చివర్లో 2జీ ఆపేసినప్పుడు, అక్కడ ఆ నెట్‌వర్క్ మీద నడిచే సొంత ఫోన్లన్నీ ఒక్క రాత్రిలో బొమ్మలైపోయాయి. మోడెమ్ విడిగా ఉంటే ఆ ముక్క ఒక్కటే మారుస్తావు.

ఏ మోడెమ్? ఇంటర్నెట్‌లో కనిపించే సొంత ఫోన్ వీడియోల్లో సగం సిమ్800ఎల్ అనే మోడెమ్ మాడ్యూల్‌తో చేసినవే. చవక, చిన్నది. కానీ అది 2జీ. జియోకి 2జీ లేనే లేదు, 2016లో మొదలైందే 4జీతో, మాట కూడా వోల్టీలోనే, అంటే 4జీ మీదుగానే. సిమ్800ఎల్‌లో జియో సిమ్ పెడితే నెట్‌వర్కే దొరకదు. మొదటిసారి నేను చేసిన తెలివితక్కువ పని అదే. మాడ్యూల్ పాడైందనుకుని మూడు మార్చాను! ఎయిర్‌టెల్ సిమ్ పెట్టగానే మోగింది. నీకు కావలసింది 4జీ క్యాట్-1 (4జీలో నెమ్మది రకం) మాడ్యూల్. సిమ్‌కామ్ ఏ7670సీ మన దగ్గర దొరుకుతుంది, మన నెట్‌వర్కులు వాడే 3, 5, 40 బ్యాండ్లు అందులో ఉన్నాయి. ఒక జాగ్రత్త: ఒకే పేరు మీద తోక అక్షరాలు మారుతూ చాలా రకాలొస్తాయి. కొన్నింటిలో డేటా ఒక్కటే, మైకు స్పీకరు పిన్నులు ఉండవు. పూర్తి పార్ట్ నంబర్ అడిగి, ఆ నంబర్ డేటాషీట్‌లో వాయిస్ ఉందని చూసుకున్నాకే డబ్బు కట్టు.

ఇంకో రెండు చిన్న ఉచ్చులు. మాడ్యూల్ సీరియల్ పిన్నులు 1.8 వోల్టులవి. నువ్వు వాడబోయే కంట్రోలర్, అంటే ఫోన్‌ని నడిపే చిన్న చిప్, 3.3 వోల్టులది. మధ్యలో వోల్టేజి సరిపెట్టే లెవెల్ షిఫ్టర్ లేకుండా కలిపితే మాడ్యూల్ చచ్చిపోవచ్చు, పొగ కూడా రాదు, నువ్వేమో కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటావు. రెండోది, మోడెమ్‌కి కాల్ చెయ్యమని చెప్పే ఏటీడీ కమాండ్‌తో నంబర్ కొట్టేటప్పుడు చివర సెమీకోలన్ పెట్టాలి. లేకపోతే అది మాట కోసం కాదు, డేటా కాల్ అనుకుంటుంది. ఈ ఒక్క చుక్కా కామా దగ్గర నా ఆదివారం ఒకటి పోయింది.

ఇక కరెంటు. ఫోన్ డిజైన్‌లో అసలు కష్టం ఇక్కడుంది, ఎవరూ సరిగా చెప్పరు. నీ మోడెమ్ 4జీలో ఉన్నా, ఎయిర్‌టెల్ లాంటి సిమ్ పెడితే కాల్ వచ్చినప్పుడు 2జీకి దిగవచ్చు. 2జీ రేడియో ఎడతెగకుండా ప్రసారం చేయదు. ప్రతి 4.615 మిల్లీసెకన్లకు ఒకసారి, 577 మైక్రోసెకన్ల పాటు ఒక్క ఉదుటున అరుస్తుంది. ఆ క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీకీ మాడ్యూల్‌కీ మధ్య తీగలు, కనెక్టరు, ఫ్యూజు అన్నీ కలిపి 0.2 ఓమ్ ఉందనుకో, అంత చిన్నది, ఆ క్షణంలో 0.4 వోల్టు పడిపోతుంది. బ్యాటరీ 3.7 దగ్గర ఉంటే మాడ్యూల్‌కి అందేది 3.3. అంతే, రీసెట్. సిగ్నల్ బాగున్న చోట గొంతు తగ్గించుకుంటుంది కాబట్టి టేబుల్ మీద చక్కగా పనిచేసి, ఊళ్లోకి తీసుకెళ్లగానే కాల్ మధ్యలో చచ్చిపోతుంది. 'నా దగ్గర బాగానే పనిచేసిందే' అని మనం తల గోక్కుంటాం.

పెద్ద కెపాసిటర్ పెడితే చాలు అంటారు. లెక్క వేసి చూడు. 2 ఆంపియర్లు, 577 మైక్రోసెకన్లు అంటే సుమారు 1.15 మిల్లీకూలుంబులు. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే ఆ భారం మోస్తే వోల్టేజి 1.15 వోల్టులు పడిపోతుంది. కాబట్టి కెపాసిటర్ సాయం మాత్రమే చేస్తుంది, మోసేది బ్యాటరీయే. బ్యాటరీ నుంచి మాడ్యూల్ దాకా రాగి దారి వెడల్పుగా, పొట్టిగా గీయి. కింద గ్రౌండ్ ప్లేన్ (గ్రౌండ్‌కి కలిపిన రాగి పొర) తెగకుండా ఉంచు. సోల్డరింగ్ లేకుండా తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద ఫోన్ నడవదు, దాని పేరే ఎత్తకు.

ఆ ఉదుటుకే ఇంకో పాపం కూడా ఉంది. 4.615 మిల్లీసెకన్లకు ఒకటంటే సెకనుకు సుమారు 217 సార్లు, అది మన చెవికి వినపడే స్వరం. పాత రోజుల్లో కాల్ రాబోయే ముందు రేడియో పక్కన 'జిర్ర్ జిర్ర్' మనేది గుర్తుందా? నీ వయసుకి ఉండకపోవచ్చు. మైకు తీగ మోడెమ్ కరెంటు దారి పక్కనుంచి వెళ్తే అవతలి వాళ్లకు అదే వినిపిస్తుంది. ఓపెన్‌మోకో ఫ్రీరన్నర్‌లో సరిగ్గా ఇదే లోపం వచ్చింది. స్కీమాటిక్ అందరి చేతిలో ఉంది కాబట్టి మందు బయటే దొరికింది, మైకు దగ్గర ఒకటి రెండు విడిభాగాలు మార్చి సోల్డరింగ్ చేసుకున్నారు. పైన్‌ఫోన్ తొలి బోర్డుల్లో యూఎస్‌బీ-సీ డాక్ పనిచేయకపోతే కూడా వాడేవాళ్లే తప్పు కనిపెట్టి సోల్డరింగ్‌తో సరిచేసుకున్నారు, తర్వాతి బోర్డులో కంపెనీ దిద్దింది. ఓపెన్ హార్డ్‌వేర్ అంటే ఉచితం అని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అసలు లాభం ఇది: తప్పు చేసినవాడికి చెప్పి ఎదురు చూడక్కర్లేదు.

బ్యాటరీకి నా ఓటు బీఎల్-5సీకి. పాత నోకియాలది, 3.7 వోల్టులు, 1020 మిల్లీయాంప్-అవర్. పలాస బస్టాండు దగ్గర ఏ మొబైల్ షాపులో అడిగినా ఇస్తారు, అమ్మ తనే మార్చుకోగలదు. అందంగా ఉండే పలుచటి లిథియం పౌచ్‌లు చూసి మోజు పడకు, రెండేళ్ల తర్వాత అదే సైజు దొరకదు. చార్జింగ్‌కి వాడే నీలం రంగు టీపీ4056 బోర్డులు సాధారణంగా 1.2 కిలోఓమ్ రెసిస్టర్‌తో, అంటే 1 ఆంపియర్‌కి సెట్ చేసి వస్తాయి. ఈ బ్యాటరీకి అది ఎక్కువ. ఆ రెసిస్టర్ తీసి 2.4 కిలోఓమ్‌ది పెడితే అర ఆంపియర్ అవుతుంది. బోర్డు గీసేటప్పుడు మాత్రం టీపీ4056 వద్దు. ఫోన్ ఆన్‌లో ఉండగా చార్జ్ పెడితే బ్యాటరీ నిండిందో లేదో దానికి తెలియదు. బీక్యూ24075 లాంటి, బ్యాటరీ దారీ ఫోన్ దారీ విడిగా చూసుకునే చిప్ పెట్టు.

ప్రాసెసర్ గురించి ఇంతే చెప్తాను. రాస్‌ప్‌బెర్రీ పై జీరో రకాలకు నిద్రపోవడం రాదు. ఊరికే కూర్చున్నా అర వాట్‌కి అటూఇటూ తాగుతుంది, నీ బ్యాటరీలో ఉన్నది 3.8 వాట్-అవర్లు. మధ్యాహ్నం భోజనాల వేళకే ఖాళీ. ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ అయితే గాఢనిద్రలో సుమారు 10 మైక్రోయాంపులే, మోడెమ్ రింగ్ పిన్ లేపితే లేస్తుంది. డెవలప్‌మెంట్ బోర్డు మీద అంత తక్కువ చూడలేవు, దాని మీది రెగ్యులేటరూ లైటూ తాగేస్తాయి, అందుకే విడి మాడ్యూల్‌తో గీయి. లినక్స్ మోజు తీరకపోతే రెండో ఫోన్‌కి ఆల్‌విన్నర్ వీ3ఎస్ ప్రాసెసర్ చూడు. 64 ఎంబీ మెమరీ లోపలే ఉంటుంది, కాళ్లు బయటికి కనిపించే ప్యాకేజీ, చేత్తో సోల్డర్ చెయ్యొచ్చు. విడిగా డీడీఆర్ మెమరీ చిప్‌కి గీతలు గీసే పాట్లు తప్పుతాయి.

ఇప్పుడు పెట్టె. నా మొదటి ఫోన్‌కి శ్రీకాకుళం పేరు నిలబెట్టాలని బుడితి ఇత్తడి రేకు తెచ్చి వెనక మూత చేయించాను. మెరుపు చూసి మా ఇంట్లో వాళ్లు ముచ్చటపడ్డారు. సిగ్నల్ మాత్రం, మూత లేకుండా సీఎస్‌క్యూ (మోడెమ్ చెప్పే సిగ్నల్ బలం అంకె) 19 చూపించేది, మూత వేస్తే 7. ఆ అంకెను రెట్టింపు చేసి 113 తీసేస్తే డీబీఎంలో (సిగ్నల్ బలం కొలమానం) వస్తుంది, అంటే మైనస్ 75 నుంచి మైనస్ 99కి. యాంటెన్నా మీద లోహపు మూత వేయడం, గొంతు మీద చెయ్యి పెట్టి పాడమనడం. పోనీ అని యాంటెన్నాను బ్యాటరీ పక్కకి జరిపాను, బ్యాటరీ కూడా లోహమే, ఇంకా పాడైంది.

రెండోసారి బొబ్బిలి వెళ్లాను. అక్కడ వీణలు ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు కదా, గొల్లపల్లిలో ఒక పనివారిని పట్టుకుని మిగిలిన ముక్కల్లోంచి డబ్బా తొలిపించుకున్నాను. 'ఇందులో తీగలెక్కడ బాబూ?' అని అడిగాడాయన నవ్వుతూ. బాగా ఎండిన చెక్క రేడియోకి పెద్దగా అడ్డు కాదు. సీఎస్‌క్యూ 18 దగ్గర నిలిచింది. చెక్క ఫోన్ నా సొంత బుర్రలో పుట్టిందేమీ కాదులే. ఆర్డ్వినో అనే ఓపెన్ కంట్రోలర్ బోర్డు వ్యవస్థాపకుల్లో ఒకడైన డేవిడ్ మెల్లిస్ ఎంఐటీలో ఉండగా ప్లైవుడ్‌ని లేజర్‌తో కోసి సొంత సెల్‌ఫోన్ చేసి, ఫైళ్లన్నీ బయట పెట్టాడు. అది తప్పకుండా చూడు, నీకు పైన్‌ఫోన్ కంటే అదే దగ్గర చుట్టం. మీది సముద్రానికి దగ్గర, గాలిలో తేమ ఎక్కువ. చెక్క తేమ పీలిస్తే ఉబ్బడమే కాదు, యాంటెన్నా శ్రుతి కూడా తప్పుతుంది. రెండు పూతలు నూనె పట్టించి, ఆ తర్వాతే యాంటెన్నా సరిచూడు. అది చూసే నానోవీఎన్‌ఏ అనే కొలత పరికరం కొనేటప్పుడు 3 గిగాహెర్ట్జ్ దాకా కొలిచే రకం తీసుకో, చవకది 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ దగ్గర చేతులెత్తేస్తుంది. లేదా కొనొద్దు, నాది ఉంది.

మోడెమ్ నుంచి యాంటెన్నాకి వెళ్లే గీత 50 ఓమ్ ఉండాలి. మామూలు 1.6 మిల్లీమీటర్ల రెండు పొరల బోర్డు మీద అది దాదాపు 3 మిల్లీమీటర్ల వెడల్పు గీత. అంత లావు గీత మాడ్యూల్ పిన్ను దగ్గర పట్టదు. నాలుగు పొరల బోర్డు వేయించు, కాస్త ఖర్చైనా పర్లేదు. గీత సన్నబడుతుంది, కరెంటు దారికీ గ్రౌండ్‌కీ చోటు దొరుకుతుంది.

బటన్ల దగ్గర నీకే బాగా తెలుసు, అమ్మ వేళ్లు నువ్వు చూశావు. నేను ఒక్కటే అంటాను, 12 అంకెల కీప్యాడ్ కంటే ముందు మూడు పెద్ద బటన్లు పెట్టు: నీకు, ఇంట్లో ఇంకొకరికి, కార్ఖానా మేస్త్రీకి. 112కి నాలుగోది, కాస్త లోపలికి, పొరపాటున నొక్కుకుపోకుండా. మొద్దుబారిన వేలికి నొక్కినట్టు తెలియాలంటే స్విచ్ గట్టిగా 'టక్' మనాలి. ఒకే బలంవి కాకుండా రెండు మూడు బలాలవి తెప్పించి అట్టముక్క మీద గుచ్చి అమ్మ చేత నొక్కించు. బోర్డు గీయకముందు చేయాల్సిన పని ఇది. నేను చేయలేదు, మా నాన్నగారు నా ఫోన్ బటన్ ఒక్కటీ నొక్కలేకపోయారు.

తెర మీద తెలుగు ఇంకో తలనొప్పి. చిన్న డిస్‌ప్లే లైబ్రరీలు చాలావరకు అక్షరాన్ని అక్షరం పక్కన పేర్చడమే చేస్తాయి. ఒత్తులు కింద పెట్టడం, గుణింతం కలపడం వాటికి రాదు. 'లక్ష్మి' అని రాస్తే ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆ చిన్న కంట్రోలర్ మీద దాన్ని సాధించబోయి నెలలు పోగొట్టుకోకు. పరిచయస్తుల పేర్లను కంప్యూటర్‌లోనే నలుపు తెలుపు బొమ్మలుగా మార్చి ఫోన్‌లో దించేయి. ఇంకా మంచిది, పేరు నీ గొంతుతో రికార్డు చేసి పలికించు. జీడి బట్టీ దగ్గర పని మధ్యలో ఎవరు తెర చూస్తారు?

ఫైళ్ల విషయం. పీడీఎఫ్ పెట్టి 'ఓపెన్' అనకు. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లో గీయి, అది ఉచితం. మూల ఫైళ్లు, విడిభాగాల జాబితా పూర్తి నంబర్లతో, పెట్టె కొలతలు, నువ్వు చేసిన తప్పులు, అన్నీ పెట్టు. లైసెన్స్ సెర్న్ ఓహెచ్ఎల్ (ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్) రెండో వెర్షన్, 2020లో వచ్చింది. అందులో ఎస్ రకం తీసుకుంటే, నీ బోర్డును మార్చి ఇతరులకు ఇచ్చేవాడు మార్పులు కూడా బయట పెట్టాలి. పీ రకం అయితే ఆ కట్టు ఉండదు. నేనైతే ఎస్ అంటాను.

చట్టం మాట కూడా వినాలి. మాడ్యూల్‌తో వచ్చిన ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబర్ జోలికి వెళ్లకు. ఎవరైనా మార్చే కమాండ్ చెప్తే ఆ పేజీ మూసేయి. 2023 టెలికాం చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడే నేరం అది. ఒకటి కట్టి ఇంట్లో వాడుకోవడం వేరు, పది కట్టి అమ్మడం వేరు. అమ్మాలంటే బీఐఎస్ రిజిస్ట్రేషన్, రేడియోకి డబ్ల్యూపీసీ అనుమతి, ఐఎంఈఐల నమోదు, అన్నీ కావాలి. కార్ఖానాలో పదిమంది అడుగుతారు, చూడు. ఫైళ్లిచ్చి పంపు, డబ్బు తీసుకోకు.

25 వేలు ఒక్కసారే ఖర్చు పెట్టొద్దు. మొదటి బోర్డు పనిచేయదు, ఇది శాపం కాదు, అందరికీ అంతే. మూడు విడతల బోర్డులకి సరిపడా దాచుకో. నువ్వు కట్టిన ఫోన్ మూడు నెలలు నడిచేదాకా అమ్మ చేతిలో ఇప్పుడున్న ఫోన్ తీసేయకు.

ఈ వారం ఒక్క పని చెయ్యి. మోడెమ్ మాడ్యూల్ బ్రేకవుట్ బోర్డు (పిన్నులు బయటికి తెచ్చి ఇచ్చే రెడీమేడ్ బోర్డు), బీఎల్-5సీ బ్యాటరీ, యూఎస్‌బీ సీరియల్ తీగ తెచ్చుకో. అందులో అమ్మ సిమ్ వేసి ఇంట్లో, కార్ఖానా గుమ్మం దగ్గర, బట్టీ పక్కన మూడు చోట్ల సీఎస్‌క్యూ చూడు. మూడు చోట్లా కాల్ చేసి ఒక్కో నిమిషం మాట్లాడు. ఆ మూడు అంకెలూ, ఎక్కడైనా రీసెట్ అయిందా లేదా అన్నదీ రాసి పంపు. పది కంటే తక్కువ వస్తే పెట్టె, యాంటెన్నా సంగతి ముందు తేల్చాలి, బోర్డు తర్వాత. ఆదివారం రైలెక్కి వచ్చినా సరే, అట్టముక్క మీద గుచ్చిన ఆ బటన్లు మాత్రం వెంట తీసుకురా.